బుడగల ఉస్తాద్

రామచంద్రయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. టూ స్ట్రోక్ బండి ఆయిల్ పైపులో గాలి బుడగ ఉన్నంతసేపు ఆయన ఆ బండిని ఎవరికీ ఇవ్వడు. బండి మనిషి కాళ్లు పట్టుకున్నా ఇవ్వడు, కాలర్ పట్టుకున్నా ఇవ్వడు. బుడగ పోవాలి. పోయిందని ఆయన నోటితో ఆయనే చెప్పాలి. అంతవరకు తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది, బండి మనిషి ఆయన షెడ్డు ముందరి బల్ల మీద ఉంటాడు.

ఆ షెడ్డు వనపర్తి నుంచి గోపాల్‌పేటకు పోయే తోవలో, ఇళ్లు అయిపోయి చేన్లు మొదలయ్యే చోట ఉంది. బోర్డు లేదు, అవసరమూ లేదు. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే బండ్లలో నూటికి తొంభై తొమ్మిది ఫోర్ స్ట్రోకులే. వాటి మొహం ఆయన చూడడు. మిగిలిన ఆ ఒక్క ముసలి బండి మాత్రం, గద్వాలలో మొండికేసినా నాగర్‌కర్నూల్‌లో మొండికేసినా, ఏదో ఒక ట్రాలీ ఎక్కి ఆయన దగ్గరికే వస్తుంది. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. వెనక బుడగల ఉస్తాద్ అంటారు.

టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా అందాలి. పాత బండ్లలో దానికోసం వేరే డబ్బా ఉంటుంది. డబ్బా నుంచి ఒక పైపు, ఆ పైపు చివర నిమ్మకాయంత పంపు, పంపు నుంచి ఇంజనుకు ఇంకో సన్న పైపు. పైపు మార్చినప్పుడల్లా లోపల గాలి చేరుతుంది. గాలి ఉన్న చోట ఆయిల్ ఉండదు. ఆయిల్ అందని ఇంజను ఎండి, వేడెక్కి, పిస్టన్ పట్టేసి, పోతూ పోతూ ఉండగానే వెనక చక్రం బిగుసుకుంటుంది. అప్పుడు మనిషి బండి మీద ఉండడు, రోడ్డు మీద ఉంటాడు. కనుక పైపు మార్చాక గాలి తీయాలి. ఇంతవరకు ఏ మెకానిక్కయినా ఒప్పుకుంటాడు. కానీ మిగతావాళ్లకు పావుగంటలో తెమిలే పని రామచంద్రయ్య దగ్గర పూట ఎందుకు పడుతుందో ఎవరికీ అర్థం కాలేదు.

మిగతావాళ్లు తెలివైనవాళ్లు. ఆ పంపే పీకి పారేసి, పెట్రోల్లోనే ఇంత ఆయిల్ కలుపుకొమ్మని చెప్పి పంపేస్తారు. ఆ మాట ఎవరైనా ఎత్తితే రామచంద్రయ్య పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని మరీ జవాబిస్తాడు.

"పప్పుల ఉప్పు వండేటోడు ఎయ్యాలె. తినేటోని చేతికి ఉప్పు డబ్బా ఇచ్చి తోలుతరా?"

ఆయన బుడగను చూసే తీరు చూడవలసిందే. బండి పక్కన గొంతుక్కూర్చుంటాడు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిప్పి, తెల్లవైపు పైపు వెనక పెడతాడు. ఒక కన్ను మూస్తాడు. ఊపిరి బిగబడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా బిగబట్టాలి. ఎవరైనా దగ్గితే బుడగ బెదిరి పంపులోకి దూరుతుందని ఆయన చెబుతాడు. ఒకసారి పడిశం పట్టిన కానిస్టేబులు ఒకడు వస్తే, తుమ్ములు ఆగేదాకా రోడ్డవతల వేపచెట్టు కింద నిలబడమన్నాడు. అతను యూనిఫారంలోనే వెళ్లి నిలబడ్డాడు.

ఆ చుట్టుపక్కల కాలాన్ని కొలవడం కూడా బుడగలతోనే. బస్సు ఎంతసేపట్లో వస్తుందని అడిగితే రెండు బుడగలు పడుతుందంటారు. కోడలు అలిగి పుట్టింటికి పోతే, నాలుగు బుడగలకు అదే వస్తుందిలే అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. షెడ్డులో ఒక మూల రామచంద్రయ్య సొంత బండి కూడా ఉంది. దాని బుడగ పదకొండేళ్లుగా పోలేదు.

షెడ్డు ముందరే ఆయన భార్య మణెమ్మ చాయ్ డబ్బా పెట్టింది. బల్ల మీద కూర్చున్నవాడు ఊరికే కూర్చోలేడు, చాయ్ తాగుతాడు. బుడగ ఆయన చూపిస్తే చాయ్ ఆమె పోస్తుందని, ఇద్దరూ కలిసే ఈ బేరం పెట్టారని ఊరిలో అనని వాళ్లు లేరు. మణెమ్మ ఆ మాట విన్నప్పుడల్లా గిన్నె ఇంకాస్త గట్టిగా తోమేది.

ఇక పెండ్లికొడుకు సంగతి. భాస్కర్ అనే పిల్లవాడికి గోపాల్‌పేటలో పెండ్లి. పదిన్నరకు ముహూర్తం. పొద్దున ఏడింటికి ముఖానికి పసుపుతోనే పాత బండేసుకుని, చివరి నిమిషం పని ఏదో ఉందని ఇటు వచ్చాడు. షెడ్డు ముందు బండి ఒకసారి దగ్గింది. అంతే, తాళంచెవి జేబులోకి పోయింది, పెండ్లికొడుకు బల్ల మీదికి వచ్చాడు. తొమ్మిదిన్నరకు ఆడపెండ్లివాళ్లు జీపు వేసుకుని వెతుక్కుంటూ వచ్చేసరికి, అతను మూడో గ్లాసు నిమ్మకాయ నీళ్లు తాగుతూ కనిపించాడు. పెండ్లికొడుకు దొరికిండు గాని బుడగే దొరకలేదని మామగారు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

గణేష్‌ది ఇంకో కథ. వీపనగండ్లలో అన్న తన పొలం గట్టు దున్నేశాడని తెలిసి, మొహం కందగడ్డలా చేసుకుని బయలుదేరినవాడు ఇక్కడ ఆయిల్ పోయించుకుందామని ఆగాడు. పొద్దు వాలేదాకా ఆగాడు. ఇంత కోపాన్ని అంతసేపు మోస్తూ కూర్చోవడం అతని వల్ల కాలేదు. చివరికి అన్నే అతన్ని వెతుక్కుంటూ వచ్చి, ఆ బల్ల మీదే పక్కన కూర్చుని, అతనితో పాటు బుడగ కోసం చూశాడు.

ఇవన్నీ గోపాలమిత్ర ఇస్రాయేలు విన్నవే. విని నవ్వినవే. తన వంతు వచ్చిన రోజు మాత్రం అతనికి నవ్వు రాలేదు.

గోపాలమిత్ర అంటే ఇంటింటికీ తిరిగి, ఎదకొచ్చిన ఆవులకూ బర్రెలకూ చూలు నిలిచే ఎద సూది వేసేవాడు. పల్లెల్లో అందరూ డాక్టరనే పిలుస్తారు. ఇస్రాయేలు చేతిలో పన్నెండు ఊళ్లు ఉన్నాయి. ఎండాకాలమంతా పలకని బర్రెలు చలి మొదలుకాగానే అన్నీ ఒక్కసారి ఎదకొస్తాయి. ఎదకొచ్చిన బర్రె డాక్టరు కోసం ఆగదు. పూట దాటితే మళ్లీ ఇరవై ఒక్క రోజుల మాటే. వరికోతలు నడుస్తున్న ఆ నెలలో అతను పదిహేడు రోజులుగా సరిగా నిద్రపోలేదు. తెల్లవారకముందే ఫోను మోగేది. భార్య రోజా రాత్రి పెట్టిన అన్నం పొద్దున తినేవాడు, పొద్దున కట్టిచ్చిన సద్ది సాయంత్రం విప్పేవాడు. ఏ బర్రె ఏ ఊరిదో కలిసిపోయి, ఒకసారి ఇంట్లో బిడ్డను పట్టుకుని ఎన్నో ఈత అని అడిగాడు.

ఆ రోజు అన్నింటికంటే ముఖ్యమైనది రుక్కమ్మ బర్రె. గోపాల్‌పేట దాటి నాలుగు కిలోమీటర్లు పోతే ఆమె ఊరు. ఇప్పటికి రెండుసార్లు ఇస్రాయేలే సూది వేశాడు, రెండుసార్లూ చూలు కట్టలేదు. ఈసారి కూడా తప్పితే బర్రెను శనివారం పెబ్బేరు సంతకు తోలుతానని ఆమె కొడుకు ఖాయంగా చెప్పేశాడు. రుక్కమ్మ దాన్ని మూడు నెలల దూడప్పటినుంచి పెంచింది. ముందు రోజు పొద్దుగూకే వేళ ఫోను చేసి, బర్రె అరుస్తోందనీ, ఎద ముదిరిన గుర్తుగా తీగ కూడా వేసిందనీ చెప్పింది. రేపు మధ్యాహ్నం లోపల ఎట్లాగైనా వస్తానని ఇస్రాయేలు మాట ఇచ్చాడు. ఆమె మూడుసార్లు అడిగింది, అతను మూడుసార్లు ఇచ్చాడు.

తెల్లవారుతూనే కొత్తకోట వైపు ఒక ఆవుకు సూది వేసి తిరిగి వస్తుంటే, బండి మీదే ఒక్క క్షణం కన్ను మూతపడింది. తెరిచేసరికి బండి రోడ్డు దిగి ఎవరిదో చేను కంచెలోకి పోతోంది. కంప, ముళ్ల తీగ, గడ్డి అన్నీ ఒక్కసారి గీరుకుని, బండి మళ్లీ ఎట్లానో రోడ్డెక్కింది. పడలేదు. ఎవరూ చూడలేదు. ఎవరూ చూడలేదు కనుక జరగనట్టే అనుకుని అతను వనపర్తి దాటి గోపాల్‌పేట తోవ పట్టాడు. కొంత దూరం పోయాక ఎడమకాలు ప్యాంటు ఆయిల్‌తో తడిసి అంటుకుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే పొగ రావడం లేదు. టూ స్ట్రోక్ బండి పొగ మానేసిందంటే ఇక రెండు మూడు నిమిషాల్లో ఊపిరి కూడా మానేస్తుంది. వెంటనే ఆపేశాడు. ముందర అర కిలోమీటరు దూరంలో రామచంద్రయ్య షెడ్డు కనిపించింది. ఇంకెక్కడైనా ఆగి ఉంటే బాగుండేదని అనుకుంటూ, వెనక కట్టిన, సూది మందును గడ్డకట్టించి ఉంచే నైట్రోజన్ క్యానుతో సహా బండిని తోసుకుంటూ పోయాడు.

పైపు పాతదైపోయి పగిలిందని చెప్పాడు. రామచంద్రయ్య బండి పక్క మూత విప్పి, చీలిన పైపును బయటకు లాగి, వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తరువాత ఇస్రాయేలు ముఖం కూడా అంతే నిదానంగా చూశాడు.

"పాతదే," అన్నాడు.

ఇస్రాయేలు రుక్కమ్మ బర్రె సంగతి, సంత సంగతి, మధ్యాహ్నం సంగతి అన్నీ చెప్పాడు. బుడగల దాకా పోవద్దనీ, పైపు తగిలించి ఇచ్చేస్తే చాలనీ, మిగతా గాలి ఏదైనా ఉంటే తోవలో అదే పోతుందనీ బతిమాలాడు.

"ఒక్క బుడగతోని ఏమైతది ఉస్తాద్?"

"ఆ బర్రెకు రెండుమాట్ల సూది ఏసినవ్ గదా. రెండుమాట్ల ఎందుకు తప్పింది?"

"ఎందుకంటే ఏం చెప్త. జర ఎక్కడో తేడా వస్తది."

"గా జరనే బుడగ. కూసో."

ఇస్రాయేలు కూర్చోలేదు. రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తాడు. ఆటోలన్నీ కోతలకు పోయే కూలీలతో కిక్కిరిసి, పక్కలకు కొడవళ్లు వేలాడుతూ పోతున్నాయి. ఒక ఆటోవాడు ఆగాడు గాని, పొగలు కక్కే నైట్రోజన్ క్యానును చూసి, లోపల ఆడోళ్లున్నారని దండం పెట్టి పోయాడు. బస్సు పదకొండు దాటాక గాని లేదు. తిరిగి వచ్చి, మూలనున్న బండైనా ఇవ్వమని రామచంద్రయ్యను అడిగాడు. దానికి ఇంకా బుడగ ఉందని ఆయన గంభీరంగా చెప్పాడు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. కొత్త పైపును పాతదాని పక్కన పెట్టి కొలిచి, బ్లేడుతో ఒకే కోత కోశాడు. రెండు కొసలూ మణెమ్మ చాయ్‌కు కాగబెట్టిన నీళ్లలో ముంచి మెత్తబరిచి, ఒకటి డబ్బా మూతికి, ఇంకొకటి పంపు మూతికి ఎక్కించి, స్ప్రింగు క్లిప్పులు బిగించాడు. డబ్బా నిండా ఆయిల్ పోశాడు. పంపు మీద ఉన్న చిన్న స్క్రూ వదులు చేశాడు. ముందు నురగ వచ్చింది. తరువాత తుప్పుతుప్పున బుడగలు వచ్చాయి. తరువాత ఆయిల్, మధ్యలో ఒక బుడగ, మళ్లీ ఆయిల్. చివరికి తేనెలా తెగకుండా కారడం మొదలయ్యాక స్క్రూ బిగించాడు. సన్న పైపులో గాలి ఇంకా ఉంటుంది కనుక, ముందుజాగ్రత్తగా పెట్రోల్లో కాస్త ఆయిల్ కలిపి, బండి స్టార్ట్ చేసి, పంపు తీగను వేలితో పూర్తిగా లాగి పట్టుకున్నాడు. క్యాలెండర్ కాగితం తెల్లవైపు పెట్టి ఒక కన్ను మూశాడు. సన్న పైపులో బుడగలు చీమల బారులా కదిలి ఇంజను వైపు పోయాయి. షెడ్డంతా నీలం పొగ నిండింది. ఇస్రాయేలు కూడా తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

బండి ఆపి రామచంద్రయ్య లేచాడు.

"ఇంకొకటి ఉన్నది."

"ఏడున్నది? నాకు కనపడ్తలే."

"నీకు కనపడితే నువ్వే ఉస్తాద్ అయితుంటివి. ఇంజను వేడి మీదున్నది. సల్లారినంక అదే తేల్తది. అందాక కూసో."

తాళంచెవి జేబులోకి పోయింది. రుక్కమ్మ నుంచి ఫోను వచ్చింది. తోవలోనే ఉన్నానని ఇస్రాయేలు చెప్పాడు. అది అబద్ధం కాదు. షెడ్డు తోవలోనే ఉంది. మణెమ్మ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. చాయ్ కాదు, వేడి పాలు. చాయ్‌పొడి అయిపోయిందని చెప్పింది. అతను తాగి, వీపు గోడకు ఆనించి, ఇంజను వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపట్లో చల్లారుతుందని అడగబోయాడు. అడిగాననే అనుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎండ అతని మోకాళ్ల మీదికి వచ్చి ఉంది. తల కింద ఎవరిదో మడతపెట్టిన చద్దరు ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. లేచి కూర్చుని జేబు తడుముకుంటే ఫోను లేదు. ఎదురుగా షెడ్డు గోడ మీది గడియారంలో పదకొండూ ఇరవై అయింది.  లేచి ఈ ముసలివాడిని నాలుగు మాటలు అందామనుకున్నాడు. ఏమన్నా రుక్కమ్మ బర్రె సంతకు పోయేదే.

అప్పుడు షెడ్డులోంచి బర్రె అరిచింది.

కలలో కూడా బర్రెలే అనుకుని అతను ముఖం రుద్దుకున్నాడు. బర్రె మళ్లీ అరిచింది. వంగి చూస్తే, రామచంద్రయ్య బండ్లను నిలబెట్టే రెండు ఇనుప స్తంభాల మధ్య, అడ్డంగా ఒక గొట్టం కట్టి, దాని వెనక నల్లటి బర్రె నిలబడి ఉంది. పశువుల దవాఖానలో కూడా అంత కుదురుగా కట్టరు. పాత టైరు మీద రుక్కమ్మ కూర్చుని మణెమ్మతో మాట్లాడుతోంది. బయట ట్రాలీ ఆటో, దాని డ్రైవరు బాలరాజు. రామచంద్రయ్య బర్రె చుట్టూ తిరుగుతూ, ఎక్కడ ఏ నట్టు వదులుగా ఉందో అన్నట్టు చూస్తున్నాడు.

ఇస్రాయేలును చూసి రుక్కమ్మ లేచింది. "పానం ఎట్లున్నది నాయినా? జరమొచ్చి పడిపోయినవంటగా."

జ్వరం సంగతి అతనికే కొత్త. ఒక్కొక్క మాటా అడిగితే తెలిసింది ఇంతే. అతను నిద్రపోయాక ఫోను మోగింది. మోగితే లేస్తాడని రామచంద్రయ్య దాన్ని జేబులోంచి తీసి తానే మాట్లాడాడు. డాక్టరుకు ఒళ్లు కాలిపోతోందనీ, లేవలేడనీ, బర్రెకేమో కాళ్లున్నాయి కనుక అదే రావాలనీ చెప్పాడు. చాయ్ తాగడానికి ఆగిన బాలరాజును చాయ్ తాగనివ్వకుండా గోపాల్‌పేట అవతలికి తరిమాడు. ట్రాలీ ఎక్కడానికి బర్రె మొరాయిస్తే, ఫోనులోనే నాలుగైదు ఉపాయాలు చెప్పాడు. అన్నీ బండ్లకు చెప్పే ఉపాయాలే. అందులో ఒకటి పనిచేసింది. ఏదో రుక్కమ్మ చెప్పలేదు.

మాట్లాడుతూ నిలబడే వేళ కాదు. ఇస్రాయేలు చేతులు కడుక్కున్నాడు. మణెమ్మ చాయ్ నీళ్లలో చన్నీళ్లు కలిపి, థర్మామీటరు పెట్టి ముప్పై ఏడు డిగ్రీలకు తెచ్చాడు. క్యాను మూత తీస్తే తెల్లటి పొగ గుప్పుమంది. పట్టకారుతో, అగ్గిపుల్లకంటే సన్నని గడ్డిపోచలాంటి గొట్టం ఒకటి తీసి నీళ్లలో వేసి, అర నిమిషం లెక్కపెట్టాడు. పది రోజులుగా ఇదే లెక్కలో మధ్యలో ఎక్కడో తప్పిపోయేవాడు. ఈసారి ముప్పై దాకా సాఫీగా వచ్చింది. గొట్టాన్ని తుడిచి, వెలుగుకు ఎత్తి, కత్తెర పెట్టబోయాడు.

"ఆగు," అన్నాడు రామచంద్రయ్య.

అందరూ ఆగారు. బర్రె కూడా నెమరు ఆపింది.

"దాంట్ల బుడగున్నది."

నిజమే. ఆ గొట్టంలో ఒక కొసకు ఆవగింజంత గాలి ఉంది. ఇస్రాయేలుకు ఏడేళ్లుగా అది రోజూ కనిపించేదే. దాన్ని ఎవరైనా తప్పు పట్టడం అదే మొదటిసారి.

"ఇది ఉండాలె ఉస్తాద్. ఈ గాలి ఉన్నకాడనే కోసుడు. లేకుంటే మందు కారిపోతది."

"ఉండాల్నా?"

"ఉండాలె."

"కంపెనీలనే పెట్టిండ్రా?"

"పెట్టిండ్రు."

రామచంద్రయ్య ముఖంలో నలభై ఏళ్ల నమ్మకం ఒకటి ఒరిగిపోతున్నట్టు కనిపించింది. అయినా ఆయన చూడకుండా ఒప్పుకునే మనిషి కాడు. క్యాలెండర్ కాగితం తెచ్చి గొట్టం వెనక పెట్టి, ఒక కన్ను మూశాడు. ఆలస్యమైతే మందు పాడవుతుందని ఇస్రాయేలు మొత్తుకుంటుంటే, రుక్కమ్మ ఆయన చెయ్యి పట్టి పక్కకు లాగింది. ఇస్రాయేలు బుడగ దగ్గర కోశాడు. మిగతా పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. చేతి కింద అంతా దొరకవలసిన చోట దొరికింది. తొందరతొందరగా చేసిన కిందటి రెండు సూదుల్లో ఇట్లా దొరకలేదన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. ఆ సంగతి రుక్కమ్మకు ఆ రోజే చెప్పాడు. ఆమె తిట్టింది. తిట్టినంత మేరకు అతనికి తేలికైంది.

చేతుల మీద నీళ్లు పోస్తున్న మణెమ్మను అతను గొంతు తగ్గించి అడిగాడు, బండి ఎన్నింటికి అయిపోయిందని.

"ఎనిమిదింబావుకే," అన్నదామె. "నేనీడికి వచ్చినకాడికెల్లి చూస్తున్న. ఏ బుడగ పావుగంట మించి నిలవలే. ఆ పెండ్లిపోరడు వచ్చిననాడు వాని నోరు వాసన నా పొయ్యి దాక వచ్చింది. రాత్రి దోస్తులు తాపిండ్రంట. గట్ల పోతే పెండ్లిపందిట్ల గుంజకు గుద్దుకుంటుండె. ఆ గట్టు పంచాయితోడు సీటు కింద గొడ్డలి పెట్టుకొని వచ్చిండు. ఈయన బండి చూడడు. మనిషిని చూస్తడు. బండేమో సాకు."

"మరి ఊర్ల గంత మాటంటుంటే చెప్పకపోతిరి?"

"చెప్తే ఇంకెవడన్న కూసుంటడా ఆ బల్ల మీద?"

రామచంద్రయ్య ఇవేమీ వినని వాడిలా బండి దగ్గర గొంతుక్కూర్చుని, లేని దుమ్ము తుడుస్తున్నాడు. ఇస్రాయేలు పోయి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ పైపునే చూశారు. అందులో ఏమీ లేదు. పసుపుపచ్చని ఆయిల్, అంతే.

"పడకుంట తప్పిచ్చుకున్న ఉస్తాద్."

"తప్పిచ్చుకున్నవ్. పైపు పగులుతె ఒక తీరుంటది, ముళ్ల తీగకు కోసుకపోతె ఒక తీరుంటది." రామచంద్రయ్య అతని వైపు తిరగలేదు. "నంబరు ప్లేటుల కంప ఇరుక్కొని ఉండె. తీసి పారేసిన."

"జర పండుమని ఒక్క మాటంటే అయిపోతుండె గదా."

"అంటే పంటుంటివా?"

ఇస్రాయేలు ఆలోచించాడు. పండేవాడు కాదు. పండుమన్నందుకు కోపం కూడా తెచ్చుకునేవాడు. పన్నెండు ఊళ్ల డాక్టరుకు పట్టపగలు నిద్రపొమ్మని చెప్పే హక్కు ఎవరికుంది? బుడగకు మాత్రం ఉంది.

బాలరాజు, రుక్కమ్మ కలిసి బర్రెను ట్రాలీ ఎక్కించారు. ఈసారి అది మొరాయించలేదు. రుక్కమ్మ దాని మెడ పక్కన నిలబడి, ఈసారి కడితే దూడకు ఉస్తాద్ పేరే పెడతానని మొక్కినట్టు చెప్పింది. రామచంద్రయ్య కంగారుపడ్డాడు. పెయ్య పుడితే ఏం చేస్తావని అడిగాడు. అప్పుడు మణెమ్మ పేరు పెడతానంది. ఆ పేరు పెడితే పాలు బాగానే ఇస్తుంది గాని ఒక్కమాట అననివ్వదని ఆయన గొణిగాడు. మణెమ్మ చాయ్ డబ్బా దగ్గర్నుంచే గిన్నె గట్టిగా పెట్టింది.

తాళంచెవి చేతిలోకి వచ్చింది. ఇస్రాయేలుకు గోపాల్‌పేటలో ఇంకో రెండు ఆవులున్నాయి. ఫోను చూసుకుంటే ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఒకటి రోజాది. ముందు ఆమెకే చేశాడు. పొద్దున్నుంచి ఏం చేస్తున్నావని ఆమె అడిగితే, నిద్రపోయానని నిజం చెప్పాడు.  అటునుంచి ఎక్కడ, ఎవరింట్లో అని ఆరా మొదలైంది. అది సర్దిచెప్పడానికి ఇంకో అరబుడగ పట్టింది.

బండి ఒక్క కిక్కుకే అందుకుంది. నీలం పొగ పలచగా, తగినంత వచ్చింది. చేన్ల మధ్య రోడ్డు సన్నగా ఉంది. కొంత దూరం పోయేసరికి ముందు ట్రాలీ ఆటో కనిపించింది. బర్రె కాళ్లు నొయ్యకుండా బాలరాజు ఇరవై మీద తోలుతున్నాడు. బర్రె వెనక్కి తిరిగి నిలబడి, నెమరు వేస్తూ, తన డాక్టరు ముఖంలోకి తీరిగ్గా చూస్తోంది. పక్కనుంచి దాటిపోవడానికి చోటుంది. నిన్నయితే హారన్ కొట్టి, కంకర మీద నుంచయినా దాటిపోయేవాడే.

ఇస్రాయేలు గేరు తగ్గించి, దాని వెనకే పోయాడు.